దరఖాస్తులో నేను రాసిన ముప్పు

మా ఇంటికి తుపాకీ కావాలని బాపు పెట్టుకున్న దరఖాస్తులో నాలుగు వాక్యాలు నేను రాశాను. ఆ నాలుగు వాక్యాల వల్ల, ఎవరికీ ఏ హానీ చేయని ఒక మనిషి పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. ఒక్క ఫోను వెళ్ళి ఉంటే ఆయన ఉద్యోగం పోయేది. తుపాకీ మాత్రం రాలేదు.

మాది బోధన్ రోడ్డు మీద ఒక మండల కేంద్రం. చెరుకు ఫ్యాక్టరీ మూతబడ్డాక మా చుట్టూ ఉన్నవాళ్ళంతా వరికి మారారు. బాపు ఆరెకరాల్లో ఇంకా చెరుకే వేస్తాడు, గడలను లారీకెత్తి వేరే జిల్లా ఫ్యాక్టరీకి పంపుతాడు. దీన్ని ఆయన పట్టుదల అంటాడు. నేనైతే ఇంకో మాట వాడతాను గానీ, ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. అసలు ఇంట్లో నేను వాడే మాటలు చాలా తక్కువ. మిగిలినవన్నీ డైరీలోకి పోతాయి.

తుపాకీ ఆలోచన ఒక పెండ్లి విందులో పుట్టింది. మాకు ఎరుకైన రైసుమిల్లు యజమాని ఒకాయన కొత్తగా రివాల్వర్ లైసెన్సు తెచ్చుకున్నాడు. నడుముకు తోలు సంచీలో పెట్టుకుని విందుకు వచ్చాడు. పైన చొక్కా ఉంటే సంచీ కనబడదు కదా, అందుకని చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గర వంగినప్పుడల్లా చొక్కా పైకి లాగేవాడు. ఆ మధ్యాహ్నం ఆయన నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాడు. నాలుగోసారికి మా అన్న ఆయన వెనకాలే నిలబడి, తన చేతులు కడుక్కోవడం మరచిపోయి, ఆ సంచీనే చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక అన్న మొదలుపెట్టాడు. "బాపూ, మనకు గూడ ఒకటుండాలె. చెరుకుల పందులు పడుతున్నయి. మొన్న బోరుమోటరు కాడ కేబుల్ వైరు కోసుకపోయిండ్రు. రేపు ఇంట్లకు అస్తరు."

"అస్తె అస్తరు. ఇంట్ల ఏమున్నదని?" అన్నది అవ్వ. మేము తల్లిని అవ్వ అని, తండ్రిని బాపు అని పిలుస్తాం.

"ఏమున్నదని అడిగేటోళ్ళ ఇంట్లకే అస్తరు," అన్నాడు అన్న. అందులో అర్థమేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. బాపు మాత్రం అదేదో గొప్ప సంగతి అయినట్టు తల ఊపాడు.

మా పెరటి తలుపు గడియ అప్పటికి రెండేళ్ళుగా ఊగుతూ ఉన్నది. లోపలి నుంచి పెట్టినా, బయటి నుంచి మోకాలితో నెడితే తెరుచుకుంటుంది. దానికి రెండు స్క్రూలు, ఒక వడ్రంగి, అరగంట సమయం చాలు. ఆ అరగంట ఎవరికీ దొరకలేదు. తుపాకీ గురించి మాట్లాడటానికి మాత్రం పొద్దున చాయ్ దగ్గర ఒక గంట, చేను దగ్గర ఒక గంట, సాయంత్రం అరుగు మీద రెండు గంటలు దొరికేవి.

ఏది కొనాలి అన్నదాని మీద ఇద్దరికీ పడలేదు. బాపుకు రెండు గొట్టాల పొడుగు తుపాకీ కావాలి, వాళ్ళ తాతల కాలంలో ఊరి పట్వారీ దగ్గర ఉన్నటువంటిది. అన్నకు రివాల్వర్ కావాలి, మిల్లు యజమానిది లాంటిది, వీలైతే అంతకంటే కొంచెం పెద్దది. ఇంట్లో ఎక్కడ పెడతారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, అవసరం పడితే ఎవరు తీస్తారు అని ఒక్కరూ అడగలేదు. పగలంతా ఇంట్లో ఉండేది అవ్వ, నేను. అన్న పొద్దున ట్రాక్టర్ ఎక్కితే చీకటి పడే వేళకు దిగుతాడు. బాపు చేను దగ్గరో, చాయ్ హోటల్ దగ్గరో ఉంటాడు. రేపు తుపాకీని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ చెవి అన్న జేబులో ఊరంతా తిరుగుతుంది. అదే జేబులో నుంచి వాడు ఆ ఏడాది బండి తాళంచెవి మూడుసార్లు పారేసుకున్నాడు.

నేను నోటితో చెప్పలేను కాబట్టి కొలిచి చూశాను. పొడుగు తుపాకీ ఎంత ఉంటుందో ఫోనులో చూసి, అంత పొడవుకు ఒక చెరుకు గడ నరికి తెచ్చుకున్నాను. బాపు మంచం దగ్గర నిలబడి, దాన్ని భుజానికి ఆనించి, ముందు గది వైపు తిరగబోయాను. మా ఇంట్లో ఆ రెండు గదుల మధ్య నడవ ఉన్నది. దానికి ఒక పక్క ఫ్రిజ్, ఇంకో పక్క ఎరువుల బస్తాలు. గడ కొస ఫ్రిజ్ మీది స్టెబిలైజర్‌కు తగిలింది. వెనక్కి జరిగితే మోచేయి బస్తాకు తగిలింది. గడను పూర్తిగా ఎత్తి గురి పెట్టగలిగే చోటు ఒక్కటే దొరికింది. అక్కడ నిలబడితే ఎదురుగా ఉన్నది అవ్వ పడుకునే గది, ఆ గదికి ఒక్క ఇటుక గోడ, గోడ అవతల పక్కింటివాళ్ళ వంటిల్లు.

అన్న అప్పుడే వచ్చాడు. "ఏందే, చెరుకు గడతోటి దొంగల్ని కొడుతున్నవా?"

"తిరుగుతలేదు," అన్నాను.

"ఏంది తిరుగుతలేదు?"

"పొడుగుది. ఇంట్ల తిరుగుతలేదు."

వాడు గడ తీసుకుని, మోకాలి మీద విరిచి, సగం నమలడం మొదలుపెట్టాడు. "గందుకే రివాల్వర్ అంటున్న," అన్నాడు. నేను చేసిన కొలత అంతా వాడి వాదనకు బలమైంది. బాపు ముందు అది తానే కొలిచినట్టు చెప్పాడు కూడా.

తర్వాత ఇద్దరూ నిజామాబాద్ పోయారు. నన్ను తీసుకుపోయింది ఫారాల మీది ఇంగ్లిష్ చదవడానికి. గాంధీ చౌక్ దాటాక ఒక సందులో, తాతల నాటి నుంచి తుపాకులు అమ్మి, బాగుచేసే సాహెబ్ దుకాణం ఉన్నది. ముసలాయన. లైసెన్సు లేనివాళ్ళ చేతికి తుపాకీ ఇవ్వడు. బల్ల మీద పెట్టి, తన చేయి దాని మీదే ఉంచి చూపిస్తాడు.

"ఎవరికి పటేలా?" అని అడిగాడు.

"ఇంటికి. రక్షణకు," అన్నాడు బాపు.

"ఇల్లు కాల్చదు గదా. కాల్చేది ఎవరు?"

బాపు అన్న వైపు చూశాడు. అన్న బల్ల మీదున్న రివాల్వర్ వైపు చూస్తున్నాడు. "గిది తెల్లగ, స్టీలు లెక్క మెరిసేది లేదా చాచా?" అని అడిగాడు.

సాహెబ్ రివాల్వర్‌ను తన వైపు లాక్కున్నాడు. "మెరిసేది కావాల్నంటే అవతల స్టీలు సామాన్ల దుకాణం ఉన్నది," అన్నాడు. తర్వాత బాపుతో ఓపికగా మాట్లాడాడు. రివాల్వర్ చేతిలో చిన్నగా ఉంటుంది గానీ, నేర్చుకోనివాడు పది అడుగుల దూరంలో కుండను కూడా కొట్టలేడని, నెలనెలా పోయి కాల్చి చూసుకోని మనిషికి అది బరువే తప్ప బలం కాదని చెప్పాడు. పొడుగుదానితో గురి సులువే గానీ ఇల్లు ఇరుకైతే పనికిరాదన్నాడు. నేను గడతో కొలిచింది అదే. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పి రావాలన్నాడు. సర్పంచులది, ఎమ్మెల్యేది, ఎంపీది లెక్కపెట్టుకుంటే అది మీ ఇంట్లో కంటే స్టేషన్‌లోనే ఎక్కువ రోజులుంటుందని నవ్వాడు. మధ్యలో నన్ను చూసి, "నువ్వు పట్టుకుంటవా బేటీ? పొద్దుందాక ఇంట్ల ఉండేది నువ్వే గదా," అన్నాడు.

బాపు పెద్దగా నవ్వాడు. "దాన్నా? దానికి చాయ్ హోటల్ల చాయ్ అడుగుడు గూడ రాదు."

అది నిజమే. అన్న కూడా నవ్వాడు. నేను తల దించుకుని బల్ల మీదున్న నూనె మరకను చూస్తూ నిలబడ్డాను. ఆ దుకాణంలో తుపాకీ గురించి ఆలోచించిన మనుషులం ఇద్దరమే ఉన్నామని, అందులో ఒకరు అమ్మేవాడని తర్వాత డైరీలో రాసుకున్నాను. రాసుకున్నప్పుడు బాగానే అనిపించింది. కాగితం మీద నేను ఎప్పుడూ ధైర్యవంతురాలినే.

సాహెబ్ చెప్పినదంతా విని, బస్సులో వస్తూ ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. రివాల్వరే.

ఫారం నింపే పని ఒక జిరాక్స్ సెంటర్‌లో జరిగింది. అక్కడ అర్జీలు రాసిపెట్టే ఒకాయన ఉంటాడు. ఆయన 'కారణం' అని ఉన్న గడి దగ్గర వేలు పెట్టి ఆపాడు. "పందులంటె దీనికి ఇయ్యరు. కేబుల్ వైరంటె నవ్వుతరు. మనిషి పానానికి ముప్పుండాలె. ఎవరితోనన్న పంచాయితీ ఉన్నదా పటేలా?"

"లేదు," అన్నాడు బాపు, కొంచెం సిగ్గుపడుతూ. యాభై ఐదేళ్ళు బతికి ఒక్క శత్రువును కూడా సంపాదించుకోలేదని ఆయనకు అప్పుడే తెలిసినట్టున్నది.

"ఇంట్ల పెండ్లి కాని ఆడపిల్ల ఉన్నదా?"

ముగ్గురూ నా వైపు చూశారు.

"గంతే. పిల్ల వెంబడి ఎవడో పడుతున్నడని, ఇంటి చుట్టు తిరుగుతున్నడని రాయిండ్రి. గట్టిగ ఉంటది. విడిగ ఒక కాగితం మీద రాసి జతచేయిండ్రి."

"నువ్వే రాయే," అన్నాడు అన్న. "నీ రాత మంచిగుంటది."

రాయను అని ఉండవచ్చు. నా మెడ మీద కత్తి ఎవరూ పెట్టలేదు. నోరు తెరిచి మాట్లాడటం కంటే రాయడం సులువు కాబట్టి రాశాను. అంతటితో ఊరుకోలేదు, బాగా రాశాను. "గత కొన్ని నెలలుగా అపరిచిత వ్యక్తి ఒకరు నా కదలికలను గమనిస్తూ, నేను ఒంటరిగా ఉన్న వేళల్లో మా ఇంటి పరిసరాలలో సంచరిస్తున్నాడు" అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు. మొదట "తిరుగుతున్నాడు" అని రాసి, కొట్టేసి "సంచరిస్తున్నాడు" అని మార్చాను. ఎన్నో ఏళ్ళుగా చదివిన నవలలన్నీ ఆ నాలుగు వాక్యాలకు పనికొచ్చాయి. అర్జీల ఆయన చదివి, "అబ్బ, నాకే భయమైతున్నది," అన్నాడు. నేను సంతోషపడ్డాను. మా ఇంటి మగవాళ్ళ మీద నాకున్న చులకన చాలా పెద్దది గానీ, ఆ రోజు నా వంతు కూడా అందులో కలపాలి.

వాళ్ళు చేసిన తప్పు ఇదీ: ఆ గడి ఉత్త ఆనవాయితీ అనుకున్నారు. అక్కడ ఏదో ఒకటి ఉంటే చాలు, ఎవరూ చదవరు అనుకున్నారు. బాగా రాసిన కాగితాన్ని మనుషులు చదువుతారని వాళ్ళకు తెలియదు. చదివే అలవాటున్న నాకు తెలిసి ఉండాల్సింది.

నెల తర్వాత ఒక పొద్దున విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు. బాపు చేను దగ్గరున్నాడు. అన్న అరుగు మీద కుర్చీ వేశాడు. నేను వంటింట్లో పప్పు కడుగుతూ విన్నాను.

"తుపాకీ సంగతి తర్వాత," అన్నాడు కానిస్టేబుల్. "ఈ పిల్ల వెంబడి పడేటోడు ఎవడు? ఎస్సై సారు చదివి గరమైండు. ముందు వాన్ని పట్టుకరమ్మన్నడు."

అన్న ఈ ప్రశ్న ఊహించలేదు. "గదే... ఎవడో..."

"ఎవడో అంటె ఎట్ల? ఎవనిమీదన్న అనుమానముండాలె గదా. లేకుంటె ఊకనె రాసిండ్రా?"

ఎవ్వరూ లేరు అని వాడు అనవలసింది అప్పుడు. అంటే దరఖాస్తు పోతుంది. రివాల్వర్ పోతుంది. నల్లా దగ్గర వంగి చొక్కా పైకి లాగే రోజు పోతుంది. వాడు చొక్కా అంచు సర్దుకున్నాడు. ఆ తర్వాత, "గా లైబ్రరీల కూసుంటడు సూడు, ఆయన," అన్నాడు.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో బల్ల దగ్గర కూర్చునే ఆయన గురించి వాడు చెప్పింది. యాభై దాటిన మనిషి. ఇద్దరు పిల్లలు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తారు. ఒక్క ఫిర్యాదు వస్తే పొడిగించరు. కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు పోటీపరీక్షల పిల్లలు చింపకముందే ఒకటి రెండు నవలలు తన సొరుగులో దాచి, నేను పోయినప్పుడు ఇచ్చేవాడు. "ఇది సూడమ్మా, మధ్యల కొంచెం సాగదీసిండు గాని బాగుంటది," అనేవాడు. నేను "సరే సార్" అనేదాన్ని. మా పరిచయం మొత్తం అంతే.

పప్పు గిన్నె చేతిలో అట్లాగే ఉన్నది. బయటికి పోయి అబద్ధం అని చెప్పాలని కాళ్ళకు తెలుసు. అవి కదల్లేదు. కానిస్టేబుల్ రాసుకుని, చాయ్ తాగి, వెళ్ళిపోయాడు.

"ఆయన పేరెందుకు చెప్పినవ్?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉన్నది.

"ఏదో ఒకటి చెప్పాలె గదా."

"ఆయన ఏం జేసిండు?"

"ఏం జెయ్యలేదు. నువ్వు మాట్లాడే మొగోడు ఆయనొక్కడే. ఇంకెవ్వని పేరు చెప్పాలె? ఉత్తగ పిలిచి రెండు మాటలని పంపుతరు తియ్యి."

అవ్వ లోపలి నుంచి, "ఊకోండ్రి, పక్కింటోళ్ళు ఇంటరు," అన్నది. పక్కింటివాళ్ళు వినకూడని విషయాలే మా ఇంట్లో ముఖ్యమైనవి. బాపు వచ్చాక అన్న చెప్పింది విని గడ్డం గోక్కున్నాడు. "మంచి మనిషే గాని... సూద్దాం, పని కానీ," అన్నాడు. ఒక మంచి మనిషికి ఆయన చేసిన న్యాయం ఆ రెండు మాటలే.

రెండు రోజుల తర్వాత గ్రంథాలయానికి పోతే బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉన్నది. పేపర్ చదువుతున్న ఒక ముసలాయన తల ఎత్తకుండానే, "స్టేషన్‌కు పిలిచిండ్రట. ఏదో ఆడపిల్ల కేసు. ఏజెన్సీ వాళ్ళకు ఎరుకైతె ఈ రోజే పనిల నుంచి తీసేస్తరు," అన్నాడు. ఆ ఆడపిల్ల తన ముందు నిలబడి ఉన్నదని ఆయనకు తెలియదు.

అక్కడే బల్ల మీదున్న తెల్లకాగితం మీద ఇంకో నాలుగు వాక్యాలు రాశాను. ఈసారి విశేషణాలు లేవు. మడిచి పట్టుకుని స్టేషన్‌కు నడిచాను. దారి పది నిమిషాలు. నేను దాన్ని అరగంట నడిచాను.

ఆయన లోపల గోడవారగా బెంచీ మీద ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లవాడిలా. నన్ను చూసి లేవబోయాడు, అలవాటుగా. మళ్ళీ కూర్చున్నాడు. ఎస్సై బల్ల దగ్గరికి పోయి కాగితం పెట్టాను. చదివాడు. పక్కకు నెట్టాడు.

"ఇది గూడ నువ్వే రాసినవా?"

తల ఊపాను.

"ముందటిది?"

మళ్ళీ ఊపాను.

"మంచిగ రాసినవ్. గది చదివి నా బిడ్డ యాదికొచ్చింది నాకు. గందుకే ఈయనను పిలిచిన." ఆయన గొంతులో కోపం లేదు, అదే కష్టమైంది. "అప్పుడూ కాగితమే ఇచ్చినవ్, ఇప్పుడూ కాగితమే ఇస్తున్నవ్. ఏది నమ్మాలె నేను? నోటితోటి చెప్పు. ఆయన ముంగట చెప్పు."

హెడ్ కానిస్టేబుల్ రాయడం ఆపాడు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. చాయ్ అడగడం కూడా రాని మనిషినని బాపు అన్నది గుర్తొచ్చి ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఆ కోపం మీదనే మాట బయటికొచ్చింది.

"ఎవ్వరు లేరు సార్. నా వెంబడి ఎవ్వరు పడలేదు. తుపాకీ కోసం రాసిండ్రు... రాసిన. నేనే రాసిన. ఈ సార్ నాకు పుస్తకాలిస్తడు. గంతే."

"తుపాకీ ఎవలకు?"

"మా అన్నకు."

"ఎందుకు?"

నేను ఆలోచించాను. నిజం చెప్పాలనే అక్కడికి వచ్చాను కాబట్టి చెప్పాను. "నడుముకు పెట్టుకొనీకె."

హెడ్ కానిస్టేబుల్ గట్టిగా నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. బెంచీ మీదున్న ఆయనను చూసి, "పోండ్రి సార్. మీ ఏజెన్సీకి ఏం రాయను. ఏమనుకోకుండ్రి," అన్నాడు. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, నా పక్క నుంచే బయటికి పోయాడు. ఆ తర్వాత బాపును, అన్నను పిలిపించారు. తప్పుడు కాగితం పెడితే ఏమవుతుందో చాలాసేపు చెప్పారట. దరఖాస్తు అక్కడితో ముగిసింది.

ఇంట్లో మూడు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. మామూలు రోజులకంటే అది పెద్ద తేడాగా లేదు. నాలుగో రోజు బాపు, "ఇజ్జత్ తీసినవ్," అన్నాడు. ఎవరి ఇజ్జత్ అని అడిగాను. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని చేనుకు పోయాడు. అన్న అప్పటికే ఫోనులో లైసెన్సు అక్కర్లేని ఎయిర్ పిస్తోళ్ళు చూస్తున్నాడు, తెల్లగా మెరిసేవి.

మరుసటి శుక్రవారం గ్రంథాలయానికి పోయాను. ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు. ఉద్యోగం ఉన్నది. క్షమించమని అడగడానికి మాటలు వరసగా పెట్టుకుని పోయాను. ఆయన నా చేతిలోని పాత పుస్తకం తీసుకుని, తేదీ చూసి, రిజిస్టర్‌లో కొట్టేసి, ముద్ర వేశాడు. సొరుగు తెరవలేదు.

"సార్," అన్నాను.

"అమ్మా," అన్నాడు ఆయన, రిజిస్టర్ వైపే చూస్తూ, చాలా మర్యాదగా. "ఇగ నుంచి పుస్తకాలకు మీ అన్నను పంపు."